ఏడో బిళ్ళ

నట్టు ఆ పొద్దున చేసిన తప్పు చాలా చిన్నది. మోకాళ్ళ మీద వంగి కుండ చుట్టూ ఒక్కసారి పాకలేదు, అంతే. మహా అయితే నిమిషం పని. ఆ నిమిషం మిగుల్చుకుని ఏం ఒరగబెట్టాడయ్యా అంటే, ఏమీ లేదు. టీ అయినా తాగలేదు పాపం.

నట్టు అనేది వాడి అసలు పేరు కాదులెండి. జేబులో ఎప్పుడూ నాలుగు నట్లు గలగలలాడుతుంటాయని వర్క్‌షాపులో అలా పిలుస్తారు. ఫిట్టరు. చేతిలో పనితనం ఉంది, కాదనను. కళ్ళు మూసుకుని బోల్టు బిగించి, అది ఎంత బిగిసిందో చెప్పగలడు. కాకపోతే చేతులకున్న వేగం బుర్రకి లేదు. ఇంతకుముందు రెండు చోట్ల ఉద్యోగం ఊడింది అందుకే. ఈ మూడోది వాళ్ళక్క ఇప్పించింది. "నా పూచీ మీద తీసుకోండి" అని మేనేజరుతో నోరు విడిచి అడిగింది. ఆవిడ ఇంకొకరి కోసం అడగడం అదే మొదలు, అదే చివర. కిందటేడు వీడు క్రేను మీంచి ఒక అయస్కాంతం జారవిడిచి ముక్కలు చేసినప్పుడు, "ఇంకొక్క తప్పు జరిగిందా, గేటు బయటే" అని మేనేజరు కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఇంట్లో భార్య, ఏడు నెలల పిల్ల.

అక్కని వర్క్‌షాపులో అందరూ బట్టీ అక్క అంటారు. నిజంగా అక్క అయ్యేది నట్టు ఒక్కడికే. వాడికి ఎనిమిదేళ్ళప్పటి నుంచి తల్లీ తనే, తండ్రీ తనే, కొట్టేదీ తనే, కొట్టాక దగ్గర కూర్చుని అన్నం తినిపించేదీ తనే.

ఇక ఆ వర్క్‌షాపులో చేసేదేమిటో చెప్పాలి, లేకపోతే ఈ గొడవ అర్థం కాదు. అక్కడ తయారయ్యేది గాలిలో తేలే చక్రం. కరెంటు మిగిలినప్పుడు ఆ చక్రాన్ని గిర్రున తిప్పి వదిలేస్తారు. కరెంటు చాలనప్పుడు ఆ తిరుగుడులోంచే వెనక్కి తీసుకుంటారు. అరవై కిలోల చక్రం, అడుగున అయస్కాంతాల వలయం. దాని కింద వెడల్పాటి స్టీలు పాత్ర. దానికో పెద్ద పేరుంది కానీ అక్కడ అందరూ కుండ అనే అంటారు. కుండలో గుండ్రంగా పేర్చిన పన్నెండు నల్లటి పింగాణీ బిళ్ళలు. ఒక్కోటి అరచేతిలో ఇమిడిపోతుంది. అవి అక్క బట్టీలో కాల్చి చేసినవి.

ఆ బిళ్ళని మామూలుగా చూస్తే ఏమీ ఉండదు. అయస్కాంతం దగ్గర పెట్టినా పట్టించుకోదు. ద్రవ నైట్రోజన్ పోసి చల్లబరచడం మొదలుపెడితే, మైనస్ నూట ఎనభై ఒకటి దాటగానే దాని తీరే మారిపోతుంది. ఆ సమయానికి తన మీద ఏ అయస్కాంతం ఎంత దూరంలో, ఎంత బలంతో ఉందో దాన్నంతా లోపలికి పట్టేసుకుంటుంది. ఇక ఆ అయస్కాంతాన్ని దగ్గరికి నొక్కితే తోస్తుంది, దూరం జరిపితే లాక్కుంటుంది. నిన్ను నేను చూసింది ఇక్కడ, ఇక్కడే ఉండు అంటుంది. అందుకే చక్రాన్ని ముందు ఎనిమిది మిల్లీమీటర్ల ఫైబరు పలకల మీద నిలబెట్టి, అప్పుడు నైట్రోజన్ పోస్తారు. బాగా చల్లబడ్డాక పలకలు లాగేస్తారు. చక్రం ఏ ఆధారం లేకుండా అదే ఎత్తున నిలబడిపోతుంది. కొత్తగా చూసినవాళ్ళు నోరు తెరిచి, మూయడం మర్చిపోతారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ బిళ్ళకి మంచీ చెడూ తెలీదు. చల్లబడేటప్పుడు పక్కన ఇంకో అయస్కాంతం ఉంటే దాన్నీ పట్టేసుకుంటుంది. తర్వాత ఆ అయస్కాంతాన్ని తీసేసినా బిళ్ళలో దాని జాడ పోదు. మళ్ళీ బిళ్ళని వెచ్చబెడితేనే పోతుంది.

అందుకని అక్కడో ఆనవాయితీ ఉంది. చక్రాన్ని దించకముందే ఫిట్టరు చేతిలో దిక్సూచి పట్టుకుని కుండ చుట్టూ మూడుసార్లు తిరగాలి. ఒకసారి నడుం ఎత్తున, ఒకసారి మోకాలి ఎత్తున, మూడోసారి నేల మీద పాకుతూ. ముల్లు ఎక్కడా కదలకపోతే "ఖాళీ!" అని అరవాలి. అప్పుడు బిళ్ళలు చేసినవాళ్ళు వచ్చి తామూ తిరిగి చూసి, "ఖాళీయే!" అని బదులివ్వాలి. రెండు గొంతులూ పలికితేనే చక్రం దిగుతుంది. ఇంకో మాట కూడా ఉంది. ఎప్పుడైనా, ఎవరైనా, ఊడ్చే మనిషైనా సరే, "ఖాళీ కాదు!" అని అరిస్తే చక్రాన్ని ఆపెయ్యాలి. అందరూ ఉన్నచోటు నుంచి రెండడుగులు వెనక్కి వెయ్యాలి. ఎందుకని అడక్కూడదు, ఆగాకే ఏ ప్రశ్నలైనా. నట్టు చేరిన రెండేళ్ళలో ఆ కేక ఒక్కసారి కూడా వినపడలేదు.

ఆ రోజు పది గంటలకి చక్రాలు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. మేనేజరు ముందురోజే అందర్నీ నిలబెట్టి చెప్పాడు. "బట్టీ ఒక్కటీ సగం వర్క్‌షాపు కరెంటు తాగుతోంది. రేపు వాళ్ళ ముందు చక్రం సరిగ్గా తిరిగితే బట్టీ ఉంటుంది. తేడా వచ్చిందా, బిళ్ళలు బయట కొంటాం, బట్టీ ఆర్పేస్తాం." అక్క వైపు చూడకుండానే చెప్పాడు. అక్క మాత్రం ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

ఆ పొద్దున ఆరింటికి నట్టు కంచె బోల్టులు బిగిస్తున్నాడు. చక్రం ఎగిరిపడకుండా కుండ చుట్టూ మందపాటి అల్యూమినియం కంచె ఉంటుంది. బోల్టులు కిందపడి దొర్లకుండా వాడి దగ్గరో పళ్ళెం ఉంది. బజారులో దొరికే అయస్కాంతం పళ్ళెం బలం చాలదని, కిందటేడు తను ముక్కలు చేసిన ఆ చక్రం అయస్కాంతంలోంచే ఒక పెచ్చు తీసి అడుగున అంటించుకున్నాడు. చూడండి తెలివి! బోల్టులన్నీ దానికి అతుక్కుని తలకిందులు చేసినా రాలవు. ఆ పళ్ళేన్ని కుండకీ కంచెకీ మధ్య కింది సందులో ఇరికించి పని చేసుకున్నాడు.

"అయిందా? ఇంకా అవలేదా?" మేనేజరు చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు.

నట్టు దిక్సూచి తీసుకుని మొదటి చుట్టు తిరిగాడు. రెండో చుట్టు తిరిగాడు. ఏమీ లేదు. మూడో చుట్టుకి మోకాళ్ళ మీద పడబోతుంటే మళ్ళీ "అయిందా?" వినపడింది. రెండేళ్ళలో ఈ మూడో చుట్టులో ఏం దొరికింది గనక, అనుకున్నాడు. లేచి నిలబడి, "ఖాళీ!" అన్నాడు.

బట్టీ గది గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్న అక్క అక్కణ్ణుంచే వాడి మొహం చూసింది. "ఖాళీయే!" అంది.

చక్రం దిగింది. నైట్రోజన్ పోశారు. కుండ కింద తెల్లటి పొగ కమ్మేసింది. రెండున్నర గంటల తర్వాత స్పానరు కోసం సందులో చెయ్యి పెట్టిన నట్టుకి చల్లటిదేదో తగిలింది. లాగి చూశాడు. వాడి పళ్ళెం. దాని నిండా తెల్లగా మంచు పేరుకుని ఉంది.

వాడి పైప్రాణాలు పైనే పోయాయి. చుట్టూ చూశాడు. ఎవరూ చూడలేదు. పళ్ళేన్ని గుడ్డలో చుట్టి పనిముట్ల సంచిలో అడుక్కి తోసేశాడు. అంత దూరానికి బిళ్ళకి ఏం తెలుస్తుందిలే అని తనకి తనే చెప్పుకున్నాడు. బిళ్ళ అక్కడికి రెండు వేళ్ళ దూరంలోనే ఉంది. ఆ సంగతి వాడికంటే బాగా ఎవరికి తెలుసు?

తొమ్మిదిన్నరకి పలకలు లాగారు. చక్రం తేలింది. కానీ తిన్నగా తేలలేదు. చక్రం చుట్టూ ఇత్తడి రింగు ఒకటుంటుంది, అదుపు తప్పితే దానికి తగిలి ఆగాలని. చక్రానికీ రింగుకీ మధ్య అన్ని వైపులా ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. మూడు వైపులా ఇంచుమించు ఉంది. ఏడో బిళ్ళ వైపు సగమే ఉంది.

"ఏడో బిళ్ళ ఎక్కడిది?" అన్నాడు మేనేజరు, సమాధానం తెలిసి కూడా.

"నాదే. పన్నెండూ నావే," అంది అక్క.

అయస్కాంత బలం కొలిచే కర్రని కుండ అంచు వెంట తిప్పి చూశాడు మేనేజరు. ఏడో బిళ్ళ దగ్గర అంకె వంకర పోయింది. "ఇదిగో. లోపల పగుళ్ళు. వెళ్ళి వెళ్ళి ఈరోజే బయటపడ్డాయి. పింగాణీ అంటే అంతే. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను."

"పగలలేదండీ."

"ఎలా చెబుతావు?"

"నేను కాల్చాను కాబట్టి చెబుతాను. పొడి నేను నూరాను. అచ్చులో నేను నొక్కాను. గంటకి అర డిగ్రీ చొప్పున దించుతూ నాలుగు రోజులు ఆ బట్టీ ముందు కూర్చున్నాను. తర్వాత పది రోజులు ఆక్సిజన్ పట్టించాను. బయటికి తీశాక ఒక్కోటీ చల్లబరిచి, అయస్కాంతం తేల్చి చూశాను. ఏడోది అన్నిటికంటే బాగా వచ్చింది."

"మరి ఈ వంకర ఎక్కడిది? చల్లబరిచేటప్పుడు పక్కన ఏమైనా ఉందంటావా?"

నట్టు సంచి వాడి కాళ్ళ దగ్గరే ఉంది.

"అది కుదరదండీ," అంది అక్క. "మా తమ్ముడు ఖాళీ అన్నాడు. వాడు తిరిగి చూసి అన్న మాట."

ఆ మాటకి నట్టుకి తల కొట్టేసినట్టయింది. నోరు తెరిచాడు. చక్రం నడిపే కన్సోల్ ముందు కూర్చునే తాత అద్దాల పైనుంచి వాడి వైపు చూశాడు. ఇంకో ఏడాదిలో రిటైరై ఇంటికెళ్ళిపోయే మనిషి, అందరికీ తాతే. "ఏరా, ఏమైనా అంటావా?" అన్నాడు. నట్టుకి గేటు కనిపించింది. గేటు బయట పిల్లనెత్తుకుని నిలబడ్డ భార్య కనిపించింది. "ఏం లేదు తాతా," అన్నాడు.

ఏం లేదట!

వెచ్చబెట్టి మళ్ళీ చల్లబరచాలంటే సాయంత్రమవుతుంది. వచ్చేవాళ్ళు అప్పటికే గేటు దగ్గర చీటీలు రాయించుకుంటున్నారు. "నడిపేద్దాం," అన్నాడు మేనేజరు. "సందు సగమైనా ఉంది కదా."

తాత కుర్చీలో ఇటు తిరిగాడు. "నిమిషానికి తొమ్మిది వందల చుట్ల దగ్గర చక్రం వణుకుతుంది. ఆ మెట్టు దాటేదాకా సగం చాలుతుందో లేదో నేను చెప్పలేను. పైగా వాళ్ళకి కనపడాలని మీరు కంచె మీది మూత తీయించారు. మూతతో పాటు కెమెరాలు పోయాయి. సందు ఎంతుందో నాకిక్కణ్ణుంచి తెలీదు."

"ఎవరైనా కిటికీ దగ్గర నిలబడి చదువుతారు."

ఎవరూ ముందుకి రాలేదు. మేనేజరు అక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ బిళ్ళ మీద అంత నమ్మకం ఉందిగా? నువ్వే నిలబడి చదువు."

"నిలబడతాను," అంది అక్క. కొంగు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఏడో బిళ్ళ వైపు కొలత కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. కిటికీ అంటే పెద్దదేం కాదు, కంచెలో బిగించిన చెయ్యంత గాజు. దాంట్లోకి చూడాలంటే మొహం జానెడు దూరంలో పెట్టాలి.

నట్టు స్థానం నైట్రోజన్ వాల్వు దగ్గర, అక్కకి ఎదురుగా. వచ్చినవాళ్ళు నలుగురు పసుపు గీత వెనక నిలబడ్డారు. మేనేజరు వాళ్ళకి నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. తాత మీట జరిపాడు.

చక్రం కదిలింది. చప్పుడు లేదు. తగిలేదేమీ లేనప్పుడు చప్పుడెక్కడిది?

"మూడు వందలు," అన్నాడు తాత.

"అయిదు," అంది అక్క. మిల్లీమీటరులో పది భాగాలు చేస్తే అందులో అయిదు.

"అయిదు వందలు."

"అయిదు."

బాగానే ఉంది, అనుకున్నాడు నట్టు. ఏమీ కాదు. దాటేస్తుంది. దాటాక చక్రం స్థిరపడుతుంది, వాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. సాయంత్రం వెచ్చబెడితే బిళ్ళ అన్నీ మర్చిపోతుంది. ఎవరికీ ఏమీ తెలీదు. ఈ ఒక్కసారికి దాటనీ.

"ఏడు వందలు."

"నాలుగు."

అక్క గొంతులో మార్పేమీ లేదు. కొలత చదవమన్నారు, చదువుతోంది. మొహం గాజు దగ్గర నుంచి కదల్లేదు. అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందో నట్టుకి తెలుసు. తను అన్న ఒక్క మాట నుంచి వచ్చింది.

"ఎనిమిది వందలు."

"మూడున్నర."

నేలలో సన్నటి వణుకు మొదలైంది. వాడి జేబులో నట్లు వాటంతటవే గలగలమన్నాయి.

"ఎనిమిది యాభై."

"మూడు... రెండున్నర."

"ఖాళీ కాదు!"

ఆ అరిచింది తనేనని నట్టుకి ఒక లిప్తపాటు తెలీలేదు. "ఖాళీ కాదు! ఖాళీ కాదక్కా! ఖాళీ కాదు!"

తాత ఎందుకని అడగలేదు. రెండు చేతులతో మీట వెనక్కి లాగేశాడు. అక్క కూడా అడగలేదు. రెండడుగులు వెనక్కి వేసింది. రెండో అడుగు నేల మీద ఆనేలోపల చక్రం ఇత్తడి రింగుని గీసుకుంది. చెవులు చిల్లులు పడే కీచుమన్న శబ్దం, ఒక్క మెరుపు. కొలత కిటికీ గాజు బయటికి పేలి, చిన్న ఇత్తడి ముక్క ఒకటి ఎదురు గోడలో దిగబడింది. గాజు వెనక ఇంతకుముందు అక్క మొహం ఉన్న ఎత్తునే దిగబడింది.

చక్రం నెమ్మదించి, నెమ్మదించి, ఆగింది. వాల్వు దగ్గర నట్టు కూలబడిపోయాడు.

అక్క వచ్చి వాడి ముందు నిలబడింది. కళ్ళద్దాల మీద గాజు పొడి ఉంది. "ఏది ఖాళీ కాదు?" అంది.

నట్టు సంచిలోంచి గుడ్డ తీసి విప్పాడు. పళ్ళెం మీద మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. "కింది సందులో ఉండిపోయింది. ఏడో బిళ్ళ పక్కన. మూడో చుట్టు నేను... తిరగలేదక్కా."

ఆవిడ పళ్ళేన్ని అందుకుని తిప్పి చూసింది. తిడితే బాగుండుననుకున్నాడు వాడు. చెంప పగలగొట్టినా బాగుండును.

మేనేజరు మాత్రం ఊరుకోలేదు. మొహం ఎర్రబడింది, కానీ కోపం నట్టు అనుకున్న దారిలో రాలేదు. "బాగుంది నాటకం! అక్క బట్టీ ఆరిపోతోందని తమ్ముడు తప్పు నెత్తిన వేసుకున్నాడా? ఇంత పళ్ళేనికి బిళ్ళ పాడవుతుందా? ఇద్దరూ కూడబలుక్కున్నారు కదూ?"

"కూడబలుక్కుంటే ఆవిడ ఆ గాజుకి మొహం ఆనించి ఎందుకు నిలబడుతుందయ్యా?" అన్నాడు తాత.

"నాకు రుజువు కావాలి."

"రుజువుకేం కరువు?" అంది అక్క. "వెచ్చబెట్టండి. అదే బిళ్ళ, అదే చోటు, ఏదీ మార్చొద్దు. మళ్ళీ చల్లబరచండి. ఏడో వైపు సందు సగమే వస్తే బిళ్ళ పగిలినట్టు. బట్టీ నా చేత్తో నేనే ఆర్పేస్తాను. ఒకటి వస్తే వాడు చెప్పింది నిజం."

"ఒకటి వస్తే వీడు గేటు బయట," అన్నాడు మేనేజరు. "కాగితం ఉంది నా దగ్గర."

"తెలుసు," అంది అక్క.

వచ్చిన నలుగురిలో పెద్దావిడ ఒకరు గడియారం చూసుకుని, "మేం ఉంటాం. దీనికోసమైనా ఉంటాం," అంది.

చక్రాన్ని క్రేనుకి తగిలించి పైకెత్తారు. కుండలోంచి నైట్రోజన్ తోడేశారు. నాలుగు వైపులా వేడిగాలి పంకాలు పెట్టారు. తాత గీతపడ్డ రింగు మార్చాడు, గాజు మార్చాడు, చక్రం అంచు వేలితో తడిమి తడిమి చూశాడు. నట్టుని దేని మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు. గోడ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. ఉష్ణోగ్రత చూపించే పెట్టె వాడికి ఎదురుగానే ఉంది. మైనస్ నూట తొంభై. నూట ఎనభై అయిదు. నూట ఎనభై ఒకటి. అక్కడితో బిళ్ళకి అంతా చెరిగిపోయినట్టే. చక్రం ఎంత ఎత్తున ఉండేదో, పక్కన పళ్ళెం ఉండేదో ఏదీ దానికిక తెలీదు. అయినా మంచు కరిగి, తడి ఆరి, అంతా మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి.

అక్కడ కూర్చుని వాడు ఏం కోరుకున్నాడో చెబితే నవ్వుతారు. ఒకటి రావాలి, తన తప్పు రుజువు కావాలి అని కోరుకున్నాడు. పొద్దున ఏది దాచడానికి అక్క గాజు దగ్గర మొహం పెడితే చూస్తూ నిలబడ్డాడో, మధ్యాహ్నం అదే నిజం కావాలని వేళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. మధ్యలో ఒక భయం కూడా పట్టుకుంది. ఒకవేళ బిళ్ళ నిజంగానే పగిలి ఉంటే? పళ్ళెం తెచ్చిన వంకరతో పాటు పగులు కూడా ఉంటే? అప్పుడు బట్టీ పోతుంది, తన మాటా పోతుంది. అక్క బట్టీ గదిలోంచి బయటికి రాలేదు.

మూడు దాటాక కుండ ఆరింది. తాత దిక్సూచి తీసుకుని కంచె దగ్గరికి వెళ్ళబోతుంటే అక్క వచ్చింది. దిక్సూచి తాత చేతిలోంచి తీసుకుని స్టూలు దగ్గరికి వచ్చి, నట్టు ముందు చాపింది.

"వీడు ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నాడు మేనేజరు.

"కుండని ముట్టుకోడు. చుట్టూ తిరుగుతాడు. పొద్దున తప్పు పలికిన గొంతే ఇప్పుడు సరిగ్గా పలకాలి. ఒరేయ్, లే."

నట్టు లేచాడు. నడుం ఎత్తున తిరిగాడు. మోకాలి ఎత్తున తిరిగాడు. తర్వాత మోకాళ్ళ మీద పడి, చెంప నేలకి ఆనేంత వంగి పాకాడు. పొద్దున కారిన నీళ్ళు ప్యాంటుకి అంటుకున్నాయి. కింది సందు దగ్గరికి వచ్చేసరికి దిక్సూచి చాలదనిపించి, చెయ్యి లోపలికి పెట్టి వేళ్ళతో కూడా తడిమాడు. ముల్లు కదల్లేదు. లేచి నిలబడ్డాడు.

"ఖాళీ."

అక్క బదులివ్వలేదు. వాడి చేతిలోంచి దిక్సూచి తీసుకుంది. నడుం ఎత్తున ఒకసారి, మోకాలి ఎత్తున ఒకసారి తిరిగింది. తర్వాత, యాభై దాటిన మనిషి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద కూర్చుని పాకింది. చుట్టంతా పాకడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. లేవడానికి నట్టు చెయ్యి అందించబోతే కంచె పట్టుకుని లేచింది.

"ఖాళీయే," అంది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "పొద్దున నేనిది చెయ్యలేదు. గుమ్మంలో నిలబడి వీడి మొహం చూసి పలికాను. మీ కాగితంలో అది కూడా రాసుకోండి."

మేనేజరు రాసుకోలేదు. గడియారం చూసుకున్నాడు.

చక్రం పలకల మీద దిగింది. నైట్రోజన్ పోశారు. మళ్ళీ తెల్లటి పొగ, మళ్ళీ ఎదురుచూపు. ఆరు కావస్తుండగా పలకలు లాగారు. చక్రం గాలిలో నిలబడింది. తాత కొలత పట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఒకటి."

రెండో కిటికీ. "ఒకటి."

మూడో కిటికీ. "ఒకటి."

ఏడో బిళ్ళ వైపు తాత వంగాడు. అద్దాలు సరిచేసుకున్నాడు. ఎందుకు సరిచేసుకున్నాడో ఏమో గానీ నట్టు ఒకడుగు ముందుకి వేశాడు.

"ఒకటి," అన్నాడు తాత. "పూర్తిగా ఒకటి."

వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరి ఉద్యోగం పోయినందుకో వాళ్ళకి తెలీదు. నట్టుకి తెలుసు. అయినా వాడూ కొట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, అందరికంటే గట్టిగా కొట్టాడు. తర్వాత మెడలో గుర్తింపు కార్డు తీసి, జేబులో నట్లు తీసి, రెండూ మేనేజరు బల్ల మీద పెట్టాడు. చక్రం తొమ్మిది వందలు దాటి, స్థిరపడి, మూడు వేలకి చేరేటప్పటికి వాడు గేటు బయట ఉన్నాడు.

బస్టాపులో బెంచీ మీద వాడొక్కడే కూర్చున్నాడు. కాసేపటికి అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య ఆవిడ చేతిసంచి ఉంది.

"తిరిగిందా?" అన్నాడు.

"తిరిగింది. వచ్చినవాళ్ళలో ఆ పెద్దావిడ ఏడో బిళ్ళ చూపించమంది. ఇంకో అరవై కాల్చమన్నారు."

"అక్కా..."

"ఆగు. నేను చెబుతాను, నువ్వు విను." రోడ్డు వైపే చూస్తూ అంది. "ఆ గాజు దగ్గర బిళ్ళ మీద నమ్మకంతో నిలబడ్డానని అందరూ అనుకుంటున్నారు. బిళ్ళ ఎంత బాగా కాల్చినా పగలొచ్చురా, నాకు తెలీదా? నేను నిలబడింది నీ మాట మీద. మూడు అన్నాను, రెండున్నర అన్నాను. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. నా కళ్ళ ముందు సందు తగ్గిపోతుంటే, నా బిళ్ళే పగిలిందేమో అనుకున్నాను గానీ నువ్వు తిరిగుండవని అనుకోలేదు."

నట్టు తల మోకాళ్ళలో పెట్టుకుని ఏడ్చాడు. ఏడు నెలల పిల్ల తండ్రి, బస్టాపులో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క వాడి వీపు మీద చెయ్యి వెయ్యలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు.

"కోపం ఎప్పటికి పోతుందక్కా?" అన్నాడు చివరికి, ముక్కు చీదుకుంటూ.

"ఆ బిళ్ళకి మర్చిపోవడానికి అయిదు గంటలు పట్టింది. నాకెంత పడుతుందో నాకే తెలీదు." సంచిలోంచి చేతిరుమాలు తీసి వాడి ఒళ్ళో పడేసింది. "మొహం తుడుచుకో. మరదలికి నువ్వే చెప్పాలి, ఒక్క ముక్క దాచకుండా. నేను గుమ్మం దాకా వస్తాను, లోపలికి రాను."

బస్సు వచ్చింది. ముందు ఆవిడ ఎక్కి, రెండు టిక్కెట్లు తీసుకుంది.